అమ్మే ముందు ఇంటికి ఎంత పెట్టాలి? ఉన్నదున్నట్టు అమ్మడమా, చిన్న రిపేర్లా, పూర్తి రంగులా

మా కడప ఇల్లు చూడడానికి వచ్చిన మొదటి పార్టీలో ఒక పెద్దావిడ ఉన్నారు. ఆమె కొడుకు హాలు, వంటిల్లు, మిద్దె చకచకా చూసి కిందికి దిగిపోయాడు. ఆమె మాత్రం పడకగదిలో ఆగి, వంగి, నేలకు మూరెడు ఎత్తున గోడకు అరచెయ్యి ఆనించారు. కాసేపు అట్లే ఉంచి, "చల్లగా తగులుతాందే, చెమ్మ ఉందేమో కదమ్మా?" అన్నారు. అప్పటికి రెండు నెలల ముందే ఆ గోడకు లప్పం పెట్టించి, మంచి రంగు వేయించాం. ఆమె గోరుతో కొంచెం గీరగానే రంగు ఉల్లిపొరలా లేచి వచ్చింది. వెనక తెల్లటి ఉప్పు పొడి.

సాయంత్రానికి బ్రోకరు ఫోన్ చేశాడు. లక్షన్నర తగ్గిస్తే మాట్లాడతారట. తరువాత ఆ గోడను సరిగ్గా బాగు చేయించడానికి మాకు అయింది 6,500 రూపాయలు.

ఇల్లు అమ్మే ముందు ఎంత పెట్టాలి, దేనిమీద పెట్టాలి అనే ప్రశ్నకు నా జవాబు ఆ గోడ దగ్గర దొరికింది. కొనేవాళ్లు భయపడేది నీళ్లకు. పైనుంచి కారే నీళ్లు, కిందినుంచి ఎక్కే చెమ్మ, బోరులో లేని నీళ్లు, వంకలోంచి ఇంట్లోకి వచ్చే నీళ్లు. రంగు నచ్చకపోతే వాళ్లే మార్చుకుంటారు, దానికి పెద్దగా బేరం ఆడరు. నీళ్ల అనుమానం వస్తే మాత్రం, ఎంత ఖర్చవుతుందో తెలియదు కాబట్టి అన్నిటికంటే పెద్ద అంకె ఊహించుకొని ధర కోస్తారు.

## ముందు ఈ నాలుగు తేల్చుకోండి

కొనేవాళ్లు ఇంటిని చూసి కొంటారా, స్థలాన్ని చూసి కొంటారా? అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న ఇదే. పాతికేళ్ల లోపు స్లాబు ఇల్లయితే, కాపురం ఉండడానికో అద్దెకివ్వడానికో కొంటారు. పాత మట్టి మిద్దె, బజారు దగ్గర మూడు సెంట్ల స్థలంలో ఉంటే, కొనేవాళ్ల మనసులో అది అప్పటికే పడగొట్టేసిన ఇల్లు. అలాంటి ఇంటికి పెట్టిన ప్రతి రూపాయీ దండగే.

పెట్టింది బేరంలో తిరిగొస్తుందా? పదివేలు పెడితే కనీసం అంతకు రెండింతల కోత ఆగాలి. అలా ఆగదనిపించిన పని వదిలేయండి.

మీ చేతిలో ఎంత టైం ఉంది? పెళ్లి ఖర్చుకో ఆసుపత్రి ఖర్చుకో అమ్ముతుంటే నెలరోజుల పని పెట్టుకోలేరు.

పని దగ్గర ఎవరు నిలబడతారు? చాలామంది దీన్ని లెక్కలోకి తీసుకోరు. బెంగళూరులోనో హైదరాబాదులోనో ఉంటూ ఫోన్లో చెప్పి చేయించిన పని, దగ్గరుండి చేయించిన పని ఒకటి కావు.

## ఒక్క చూపులో

కింది అంకెలు మా కడప ఇంటికి అయినవి, మేము అడిగి తెలుసుకున్నవి. రెండున్నర సెంట్ల స్థలం, సుమారు 800 చదరపు అడుగుల స్లాబు, కింద కడప బండలు. మీ ఊళ్లో కూలి రేట్లను బట్టి అటూఇటూ మారతాయి.

| మార్గం | ఖర్చు | పట్టే సమయం | బేరంలో లాభం | ఎవరికి |
|---|---|---|---|---|
| ఉన్నదున్నట్టు అమ్మడం | శుభ్రం చేసే కూలి మాత్రమే | రెండు మూడు రోజులు | తక్కువ. ధర ముందే తగ్గించి చెప్పాలి | పాత మిద్దెలు, అవసరానికి అమ్మేవాళ్లు |
| చిన్న రిపేర్లు | 17,700 | పది రోజులు | పెట్టినదానికి చాలా ఎక్కువ | ఎక్కువమందికి |
| మిద్దె వాటర్‌ప్రూఫింగ్, ముందు భాగానికీ హాలుకూ రంగు | మరో 50,000 | మూడు నాలుగు వారాలు | స్లాబు కారుతుంటే చాలా. కారకపోతే కొంచెం | కారే ఇళ్లు, ఖాళీగా ఉన్న ఇళ్లు |
| ఇల్లంతా రంగులు, కొత్త టైల్స్, కొత్త వంటిల్లు | రంగులకే 95,000 చెప్పారు | రెండు నెలలు | పెట్టినంత రాదు | దాదాపు ఎవరికీ వద్దు |

## ఉన్నదున్నట్టు అమ్మడం

ఇందులో చిన్నతనం ఏమీ లేదు. కర్నూలు దగ్గర పల్లెలో మా చిన్నాయన వాళ్ల రాతిగోడల మట్టి మిద్దె అలాగే అమ్మారు. దూలాలు బాగున్నాయి కానీ పైన చౌడు మట్టి కరిగి, వానొస్తే రెండు చోట్ల గిన్నెలు పెట్టుకునేవాళ్లు. పైకప్పు బాగు చేయిద్దామని మొదట అనుకున్నారు. ఆ పని తెలిసినవాళ్లు దొరకడమే కష్టమైంది. కొనడానికి వచ్చినవాళ్లు ముగ్గురూ లోపలికి రాకుండానే టేపు పట్టుకొని స్థలం కొలిచారు.

ఇలాంటి చోట డబ్బు ఇంటిమీద కాకుండా స్థలంమీద పెట్టాలి. పెరట్లో ముళ్లకంప, జిల్లేళ్లు కొట్టించండి. హద్దులు స్పష్టంగా కనబడాలి. పక్కవాళ్ల సమక్షంలో కొలతలు వేయించుకోండి. పాత దస్తావేజులో ఉన్న కొలతకూ నేలమీద ఉన్నదానికీ తేడా ఉంటే, కొనేవాళ్లు కనిపెట్టక ముందే మీకు తెలియాలి. ఈసీ (ఆస్తిమీద అప్పులు, పాత రిజిస్ట్రేషన్లు ఏమున్నాయో చూపే పత్రం), ఇంటిపన్ను రసీదులు, అన్నదమ్ముల సంతకాల సంగతి సర్దుకోండి. దూలాలు, తలుపులు టేకువైతే వాటి ధర విడిగా మాట్లాడుకోవచ్చు.

అవసరానికి తొందరగా అమ్మేవాళ్లు స్లాబు ఇంటిని కూడా ఇలాగే అమ్మొచ్చు. కానీ లోపాలు మీరే చెప్పి, "అందుకే ఈ ధర" అనండి. అడిగేదాకా ఆగితే, అప్పటికే తగ్గించి చెప్పిన ధరమీద ఇంకోసారి కోత పడుతుంది.

## చిన్న రిపేర్లు: ఎక్కువ ఇళ్లకు ఇదే చాలు

మా లెక్క పుస్తకంలో ఉన్నది ఇదీ: ఇల్లంతా కడిగి రుద్దడానికి ఇద్దరు కూలీలు, రెండు రోజులు, 3,200. కుళాయిలు, ఫ్లష్ ట్యాంకు, ప్లంబరు కూలితో 2,600. స్విచ్చులు, హోల్డర్లు 1,900. గేటు రంగు 1,400. తలుపుల బందులు, గొళ్లేలు 1,500. బేల్దారి మేస్త్రి రెండు రోజులు, సిమెంటు ఇసుకతో 4,800. ప్రహరీకి సున్నం 2,300. మొత్తం 17,700. పడకగది గోడకు పెట్టిన 6,500 దీనికి అదనం, అది రెండో విడత పని.

నీటి జాడలు. వీధిలోంచి చూస్తే మా ఇంటి పక్కగోడమీద పైనుంచి కిందిదాకా నల్లటి చార ఉండేది. ఏళ్లుగా చూసి చూసి మాకు కనబడడం మానేసింది. ట్యాంకులో ఫ్లోటు పాడై, మోటారు వేసినప్పుడల్లా నీళ్లు పొర్లి గోడమీదుగా కారేవి. ఫ్లోటు మార్చి, పొర్లే పైపును గోడకు దూరంగా జానెడు పొడిగించి, చారను బ్రష్షుతో కడిగించాం. కొనేవాళ్లకు ఆ చార "ఈ ఇంట్లో నీళ్లు కారతాయి" అని వీధిలోనే చెప్పేది.

ఇంట్లో కారే కుళాయికి చాలాసార్లు వాషరు మారిస్తే సరిపోతుంది. మన బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువ కాబట్టి కుళాయి మూతులు, షవరు రంధ్రాలు తెల్లగా గడ్డకడతాయి. విప్పి, నిమ్మరసంలోనో వెనిగరులోనో రాత్రంతా నానబెడితే పోతుంది. కొత్తవి కొనక్కర్లేదు.

కడప బండలు, బేతంచెర్ల బండలు, తాడిపత్రి బండలు. ఇది పెద్దక్షరాలతో రాయాలనిపించే మాట: బండలమీద యాసిడ్ పోయొద్దు. ఈ నాపరాళ్లు సున్నపురాయి జాతివి. యాసిడ్ పడగానే బుసబుసమని నురగొచ్చి రాయి పైపొర తినేస్తుంది. బాత్రూమ్ టైల్స్ కడిగిన చేత్తోనే పనిమనిషి హాల్లో బండమీద యాసిడ్ సీసా పెట్టింది. సీసా అడుగు తడిగా ఉంది. తీసి చూస్తే నల్లటి బండమీద గుండ్రంగా తెల్లటి మచ్చ, వేలితో తడిమితే గరుకు. ఎంత తుడిచినా పోలేదు. పైన చెప్పిన నిమ్మరసం, వెనిగరు కూడా బండలమీద పడకుండా చూసుకోండి, అవీ పులుపే.

సబ్బు నీళ్లు, నైలాన్ బ్రష్షు చాలు. సిమెంటు చుక్కలుంటే పాత బ్లేడుతో మెల్లగా గీకండి. కొందరు నలుపు తేలడానికి నూనె రాస్తారు. రెండు రోజులు బాగుంటుంది, తరువాత దుమ్మంతా దానికే అంటుకుంటుంది. బండలు మరీ పాడైతే హాలు వరకు మిషను పాలిష్ పట్టించొచ్చు. బండలు తీసేసి టైల్స్ వేయడం మాత్రం వద్దు. వేసవిలో మన ఎండలకు కాలికి చల్లగా తగిలే నేల ఉండడం ఒక సుఖం. కొనేవాళ్లకు అది మంచి గుణంగానే చెప్పండి.

సజ్జలు. కిటికీ పైన సజ్జ కింద పెచ్చులూడి, తుప్పుపట్టిన కడ్డీ కనబడుతుంటే మనకు చిన్న సంగతి, చూసేవాళ్లకు ఇల్లు కూలేట్టు కనబడుతుంది. వదులైన పెచ్చులు పూర్తిగా కొట్టించి, కడ్డీని ఇనుప బ్రష్షుతో రుద్ది, తుప్పు ఆపే పూత వేసి, ఆపైన సిమెంటు చేయించండి. తుప్పు తీయకుండా పైన సిమెంటు మెత్తితే, కడ్డీ మళ్లీ ఉబ్బి అదే ముక్కను తోసేస్తుంది. గదిలోపల స్లాబు అడుగున పొడవునా కడ్డీలు బయటపడితే అది చిన్న రిపేరు కాదు, ఇంజనీరుకు చూపించాలి.

బీటలు. వెంట్రుక మందం బీటలు పూతలో వచ్చేవి, నింపేస్తే పోతాయి. కిటికీ మూలనుంచి ఏటవాలుగా సాగే బీట వేరు. కర్నూలు, నంద్యాల వైపు నల్లరేగడి నేలలో కట్టిన ఇళ్లకు ఇది తెలిసిన బాధే. వానకు నేల ఉబ్బి, ఎండకు ముడుచుకొని పునాదిని కదిలిస్తుంది. బీట కొసన పెన్సిలుతో చిన్న గీత గీసి, పక్కన తేదీ రాయండి. రెండు మూడు నెలల్లో, మధ్యలో ఒక వాన కూడా పడ్డాక, బీట గీత దాటకపోతే నింపించొచ్చు. దాటితే నింపినా మళ్లీ నెర్రె విడుస్తుంది. ఆ గీత, ఆ తేదీ కొనేవాళ్లకు చూపించడం కంటే మంచి సాక్ష్యం లేదు.

స్విచ్చులు, తలుపులు గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. వేసిన ప్రతి స్విచ్చూ పనిచేయాలి, మూసిన ప్రతి తలుపూ ఒక్క తోపుకు పడాలి.

## మిద్దె, రంగులు

స్లాబు కారుతుందో లేదో మీకే తెలియకపోతే పరీక్ష చేయండి. మిద్దెమీది నీళ్లు పోయే గొట్టాలకు గుడ్డలు కుక్కి, అంగుళం రెండంగుళాల ఎత్తు నీళ్లు నిలబెట్టి, ఒక రోజు వదిలేయండి. కింద ఎక్కడ తడి మచ్చ తేలుతుందో సుద్దముక్కతో గుర్తు పెట్టండి. స్లాబు ముందే బలహీనంగా, కడ్డీలు బయటపడి ఉంటే మాత్రం ఈ పరీక్ష వద్దు.

కారుతుంటే పని చేయించాల్సిందే. మాకు 26,000 అయింది. బీటలు వెడల్పు చేసి నింపడం, పిట్టగోడకూ స్లాబుకూ కలిసే మూలను గుండ్రంగా సిమెంటుతో మలచడం, ఆపైన రెండు కోట్లు. ఎక్కువ మిద్దెలు కారేది ఆ మూల దగ్గరే. పైన కోటింగ్ పూసి మూలను వదిలేసే మేస్త్రీలున్నారు, అందుకే దగ్గర నిలబడాలి. ఎండకు కాగుతున్న స్లాబుమీద మధ్యాహ్నం పూయనివ్వకండి, పొద్దున్నే గానీ సాయంత్రం గానీ వేయించండి. తెల్లరంగు కోటింగ్ అయితే కింద గది వేడి కూడా కొంత తగ్గుతుంది. మే నెలలో చూడడానికి వచ్చినవాళ్లకు ఆ తేడా వాళ్ల ఒంటికే తెలుస్తుంది.

రంగుకు వస్తే, మేము ఇల్లంతా వేయించలేదు. హాలుకు, ఇంటి ముందు భాగానికి వేయించాం, 24,000 అయింది. ఆ చెమ్మ గోడ ఒక్కటి తప్ప పడకగదులు, వంటిల్లు కడిగి వదిలేశాం. మూడు గదులు శుభ్రంగా పాతగా ఉంటే ఎవరూ తప్పు పట్టలేదు. నిజానికి ఇల్లంతా కొత్త రంగు వాసన వస్తుంటే చాలామందికి ఏదో దాచారనే అనుమానం వస్తుంది. మా అనుభవం కూడా అదే కదా.

వేస్తే లేత రంగు, మామూలు ఎమల్షన్ చాలు. ముదురు రంగులు, గోడమీద డిజైన్లు మీకు నచ్చినవి, కొనేవాళ్లకు నచ్చాలని లేదు.

## ఇల్లంతా కొత్తగా చేయడం

ఫాల్స్ సీలింగు, మాడ్యులర్ వంటిల్లు, కొత్త బాత్రూమ్‌లు: వద్దు. కొనేవాళ్లు వాస్తు ప్రకారం పొయ్యి చోటు మార్చాలంటే మీరు పెట్టిన వంటిల్లు మొదట పగులుతుంది. ఆ డబ్బును ధర తగ్గించడానికి వాడితే ఇంటికి త్వరగా మనిషి దొరుకుతాడు.

## చెమ్మ గోడ: దాచడమా, చెప్పడమా

కిందినుంచి మూడడుగుల ఎత్తుదాకా చౌడు పట్టిన గోడకు పైపూత పనిచేయదు. నీళ్లు నేలలోంచి గోడలోకి ఎక్కుతూనే ఉంటాయి, ఉప్పును పైకి తోస్తూనే ఉంటాయి. తడి ఎక్కడిదాకా ఎక్కిందో అక్కడికి ఇంకో అడుగు పైవరకు పాత పూత కొట్టించి, ఇటుక కనబడేలా వారాలపాటు ఆరనిచ్చి, వాటర్‌ప్రూఫ్ మందు కలిపిన సిమెంటుతో మళ్లీ పూయించాం. మా పడకగదికి 6,500 అయింది దానికే. దీంతో కూడా జీవితాంతం పోతుందని చెప్పలేము. కాబట్టి రెండో పార్టీకి ఆ గోడ ముందే చూపించాం. ఎప్పుడు చేయించామో, ఎంతదాకా కొట్టించామో ఫోన్లో ఫొటోలు చూపించాం. వాళ్లు ఇరవై వేలు తగ్గించమన్నారు, తగ్గించాం. లక్షన్నర ఎక్కడ, ఇరవై వేలు ఎక్కడ.

వరద సంగతీ అంతే. కర్నూలు పాత ఊళ్లో ఇల్లు చూసేవాళ్లు 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగినప్పుడు నీళ్లు ఎంతవరకు వచ్చాయని అడుగుతారు. కడపలో బుగ్గవంక పక్కనైతే 2020 నవంబరు, అనంతపురంలో నడిమివంక దగ్గరైతే 2022 అక్టోబరు. గోడమీది గీతను రంగుతో కప్పినా ఎదురింటివాళ్లు చెబుతారు. నీళ్లు వచ్చి ఉంటే ఎంత ఎత్తు వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో, తరువాత ఏం బాగు చేయించారో చెప్పండి.

ఇందులో చట్టం మాట కూడా ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, అమ్మేవాళ్లకు తెలిసి, కొనేవాళ్లు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాలను అమ్మేవాళ్లు చెప్పాలి.

## మీ పరిస్థితి ఏదైతే

మీరు అదే ఇంట్లో ఉంటుంటే: చిన్న రిపేర్లు చాలు. గది తరువాత గది చేసుకోండి. అన్నిటికంటే ముందు అటకమీది సామాను, పాత మంచాలు, పనిచేయని కూలరు తీసేయండి. దీనికి రూపాయి ఖర్చు లేదు, గది సగం పెద్దగా కనబడుతుంది.

దూరాన ఉండి అమ్ముతుంటే: పదిరోజులు సెలవు పెట్టి వచ్చి దగ్గరుండి చేయించగలిగితే చిన్న రిపేర్లు చేయించండి. రాలేకపోతే శుభ్రం చేయించి ఉన్నదున్నట్టు అమ్మండి. ఫోన్లో రంగులు వేయిస్తే, చెమ్మ గోడమీద లప్పం పెట్టేసి ఫొటో పంపిస్తారు. మాకు జరిగింది అదే.

అద్దెకున్నవాళ్లు ఉంటే: వాళ్లతో మంచిగా మాట్లాడండి. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్లు మొదట అడిగేది మిమ్మల్ని కాదు, వాళ్లనే. కుళాయి, స్విచ్చు, బాత్రూమ్ తలుపు లాంటి వాళ్ల ఇబ్బందులు ముందు తీర్చండి. రంగులు వాళ్లు ఖాళీ చేశాకే.

అనంతపురం వైపు ఇల్లైతే: దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో అది ఒకటి. అక్కడ రంగుకంటే బోరు ముఖ్యం. అక్కడ మా అక్కవాళ్లు ఏప్రిల్‌లో ఇల్లు చూపించారు. వచ్చినవాళ్ల ముందే మోటారు వేసి, వెయ్యి లీటర్ల ట్యాంకు ఎన్ని నిమిషాల్లో నిండుతుందో వాళ్ల గడియారంలోనే చూసుకోమన్నారు. మోటారు స్టార్టరు, పాత వైరు మార్చడానికి పెట్టిన ఖర్చు ఆ ఒక్క గంటలో తిరిగొచ్చిందని అక్క ఇప్పటికీ అంటుంది.

## ఎప్పుడు మొదలుపెట్టాలి

మిద్దె పని ఏప్రిల్, మే నెలల్లో అయిపోవాలి. స్లాబు బాగా ఎండి ఉంటుంది, పూత పట్టుకుంటుంది. ఆషాఢంలో కొనేవాళ్లు ఎలాగూ రారు, మూఢంలోనూ అంతే. కాబట్టి లోపలి పనులు, చెమ్మ గోడ ఆరబెట్టడం ఆ నెలలో పెట్టుకోండి. శ్రావణంలో చూపించడం మొదలుపెట్టండి. కడప వైపు అక్టోబరు, నవంబరు వానలు గట్టిగా పడతాయి. అప్పటికి ఇల్లు అమ్ముడుపోకపోయినా దిగులు పడొద్దు. బాగు చేయించిన మిద్దె అయితే వాన పడిన మర్నాడే పార్టీని రమ్మనండి. పైకి తీసుకెళ్లి తడిసిన మిద్దె చూపించి, కిందికి తెచ్చి పొడిగా ఉన్న స్లాబు అడుగు చూపించండి. మా ఇల్లు అమ్ముడైంది అలాంటి ఒక మర్నాడే.